మా అత్తమ్మతో మాట్లాడినవాళ్ళకు దండుగ వేయకండి: మహారాష్ట్ర సిరోంచ తాలూకాలోని మా కుల పెద్దమనుషులకు బహిరంగ లేఖ

పెద్దమనుషులకు నమస్కారం.

నేను మీ వాడకట్టు కోడలిని. 20 ఏళ్ళు మీ మధ్య ఉన్నాను. మీ ఇళ్ళలో పెళ్ళిళ్ళకూ పండగలకూ జాకెట్లు కుట్టింది నేనే. పేరు రాయకపోయినా నేనెవరో మీకు ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది. ఊరి పేరు, కులం పేరు కూడా కావాలనే రాయడం లేదు. అది మా పిల్లలు పుట్టిన ఊరు. రేపు వాళ్ళు ఎక్కడైనా ఆ పేరు చెప్పుకుంటే ఎదుటివాళ్ళకు ఈ గొడవ గుర్తుకు రాకూడదు.

తెలుగులో ఎందుకు రాస్తోంది, మరాఠీలో రాయొచ్చు కదా అనుకుంటారేమో. మీకు మాట తెలుగు, చదువు మరాఠీ. నేను గోదావరి అవతల మహదేవ్‌పూర్ వైపు పుట్టి అక్కడి బడిలో పదో తరగతి దాకా చదివాను కాబట్టి నాకు రాయడం తెలుగులోనే వచ్చు. మీ ఇళ్ళలో కూడా గోదావరి అవతలి నుంచి వచ్చిన కోడళ్ళు ఉన్నారు. వాళ్ళ చేత చదివించుకుని వినండి. మధ్యలో ఆపమనకుండా చివరి దాకా చదవనివ్వండి.

మేము ఊరు ఎందుకు వదిలామని ఎవరైనా అడిగితే "మేడిగడ్డ నీళ్ళకు పొలం మునిగింది, అప్పులైనాయి, బతకడానికి పోయిండ్రు" అని చెబుతున్నారట. ముందు ఈ మాట సరిచేయాలి.

పొలం మునిగిన మాట నిజం. 2019లో మేడిగడ్డ బ్యారేజీ మొదలైన తర్వాత మన ఒడ్డున ఎన్ని చేన్లు నీళ్ళలో ఉన్నాయో మీకు నేను చెప్పక్కర్లేదు. 2022 జూలై వరదకు మా పత్తి మొత్తం పోయింది. వంటింటి వెనక గోడ కూలింది. అప్పుడు కూడా మేము ఊరు వదల్లేదు. ఎందుకు వదల్లేదో తెలుసా? మీరున్నారని. నీళ్ళు తీసిన మర్నాడు కులమంతా కదిలి వచ్చింది. మగవాళ్ళు బురద ఎత్తిపోశారు. ఎవరింట్లో ఉన్న గింజలు వాళ్ళు తెచ్చి మా గంపలో పోశారు. మీలో ఒక పెద్దాయన, మా ఆయన కాకా అని పిలిచే ఆయన, తన సొంత కర్రలు తెచ్చి మా గోడ నిలబెట్టాడు. ఆ రోజు నేను పొయ్యి మీద చాయ్ పెడుతూ ఏడ్చాను. కులం అంటే ఇదే కదా, కష్టానికి నలుగురు అనుకున్నాను. ఇప్పటికీ ఆ మేలు మరిచిపోలేదు. పైసల కోసమో, నీళ్ళ భయానికో పోయేవాళ్ళమైతే ఆ ఏడే పోయేవాళ్ళం.

మేము పోయింది మా ఇష్టప్రకారం బతకడానికి. ఇంకో మాట లేదు.

జరిగింది మీకు తెలుసు. కానీ మీరు చెప్పే తీరు వేరు కాబట్టి మళ్ళీ రాస్తున్నాను. మా ఆడబిడ్డకు 24 ఏళ్ళకే భర్త పోయాడు. మోటారు దగ్గర కరెంటు కొట్టింది. చంకలో ఏడాది పిల్ల. పుట్టింటికి వచ్చి ఆరేళ్ళు మాతోనే ఉంది. అహేరిలో బట్టల దుకాణంలో పని చేసుకుంటూ వారానికి ఒకసారి ఇంటికి వచ్చేది. ఆ దారిలో జీపు నడిపే అబ్బాయి ఆమెను అడిగాడు. వేరే కులం. దొంగచాటుగా ఏమీ జరగలేదు. అతనే మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుని మా అత్తమ్మతో చెప్పాడు. మా అత్తమ్మ చేతిలో చాట ఉంది, బియ్యం చెరుగుతోంది. చెరగడం ఆపలేదు. "దాని బతుకు దానిది. నన్నెందుకు అడుగుతవు, దాన్నే అడుగు" అంది. మా ఇంట్లో జరిగిన పంచాయితీ అంతే.

వాళ్ళు ప్రత్యేక వివాహ చట్టం కింద చేసుకుందామనుకున్నారు. 1954 నాటి ఆ చట్టం ప్రకారం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసును ఆఫీసులో అందరికీ కనబడేలా అంటిస్తారు. 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న గడ్చిరోలిలో గోడకు అంటించిన కాగితాన్ని ఎవరో ఫోన్‌లో ఫోటో తీశారు. సాయంత్రానికి అది మన కులం వాట్సాప్ గ్రూపులో ఉంది. మా ఆడబిడ్డ ఫోటో, పుట్టిన తేదీ, చిరునామా, అన్నీ. పెళ్ళికి అడ్డు చెప్పాలంటే వాళ్ళకు ముందే భార్యో భర్తో ఉండాలి, వయసు చాలకపోవాలి, దగ్గరి చుట్టరికం ఉండాలి, ఇలాంటి కారణాలే చెల్లుతాయి. కులం వేరన్నది ఆ లెక్కలో లేదు. అందుకే మీరు అక్కడికి వెళ్ళి అడ్డు చెప్పలేదు. మమ్మల్ని పిలిపించారు.

ఆ రోజు మీరు అన్న మాటలు నాకు గుర్తున్నాయి. "మారుమనువు తప్పు కాదు, మన కులంలో తాతల నాటి నుంచి ఉన్నదే. మన కులంలో సంబంధం మేము చూస్తం" అన్నారు. చూశారు కూడా. ఆయనకు 50 దాటాయి, పెళ్ళీడు కొడుకులున్నారు. మా ఆడబిడ్డ వద్దంది. అప్పుడు తీర్పు చెప్పారు. పెళ్ళికి మేము పోకూడదు. ఆమె చచ్చిపోయిందనుకుని ఇంటిల్లిపాదీ తలస్నానం చేయాలి. కులానికి 51 వేలు తప్పు కట్టి విందు పెట్టాలి.

51 వేలు పెద్ద మొత్తమే. కానీ మా ఆయన అప్పు చేసైనా కట్టేవాడు, ఎందుకంటే ఆయనకు మీరంటే అంత గౌరవం. ఆయన లేచి నిలబడింది తలస్నానం మాటకు. తన వెనకే తిరిగి పెరిగిన చెల్లెలు, బతికి ఉన్న మనిషి, చచ్చిపోయిందని నీళ్ళెట్లా పోసుకోవాలి? "ఆ ఒక్కటి నాతో కాదు" అన్నాడు. అంతకన్నా పెద్ద మాట ఒక్కటీ అనలేదు. మీకు ఎదురు తిరిగాడని తర్వాత చెప్పారు గాని, ఆయన గొంతు కూడా లేవలేదు.

పెళ్ళికి వెళ్ళాం. అక్షింతలు వేశాం. అన్నం తిన్నాం. 2023 నవంబరు అది. తిరిగి వచ్చిన మర్నాడు పొద్దున డప్పు కొట్టించారు.

ఆ డప్పు ఎంత దూరం వినిపించిందో మీకు తెలియదు. నేను మిషన్ ముందు కూర్చుని ఉన్నాను. పెళ్ళిళ్ళ సీజన్, చేతి నిండా పని. నా వెనక దండెం మీద కుట్టేసిన జాకెట్లు 11 ఉన్నాయి. ఒక్కొక్క దానికి దాని ఆది జాకెట్ పిన్నీసుతో గుచ్చి ఉంది. కొత్తదీ పాతదీ పక్కపక్కన. ఆ సాయంత్రం తీసుకుపోతామన్నవాళ్ళు నలుగురు. ఒక్కరూ రాలేదు. మర్నాడూ రాలేదు. నాలుగో రోజు రాత్రి ఒక అమ్మ కొంగు తల మీద కప్పుకుని పెరటి వైపు వచ్చింది. బిడ్డ నిశ్చితార్థానికి కుట్టించుకున్న జాకెట్ అది. చెయ్యి చాపింది కానీ తీసుకోలేదు. "ఎవరన్న చూస్తే ఐదు వేలు, వదినె" అని వెనక్కి తిరిగిపోయింది. మాతో మాట్లాడితే ఐదు వేలు దండుగ అని చాటించారు కదా. ఆమె కూలీ ఎంతో, ఎన్ని రోజులు మిరపకాయ ఏరితే ఐదు వేలవుతాయో మీకూ తెలుసు. చలి తగ్గగానే గోదావరి దాటి మిరప చేన్లకు పోయేవాళ్ళలో ఆమె కూడా ఉంటుంది.

ఆది జాకెట్ అంటే మగవాళ్ళకు పాత గుడ్డ. కుట్టేవాళ్ళకు అలా కాదు. ఎవరి భుజం ఎటు వంగిందో, ఎవరికి కాన్పు తర్వాత చుట్టుకొలత పెరిగిందో, ఎవరు చిక్కిపోతున్నారో నాకు వాటిలోనే తెలిసేది. ఒకామె ఆది జాకెట్ కుడి చంక దగ్గర ఎప్పుడూ చిరిగి వచ్చేది, ఎడమ వైపు బాగుండేది. కుడి చేత్తో కలుపు తీసే మనిషి. అందుకని ఆమెకు కుడి వైపు రెండు వరుసలు కుట్టు వేసేదాన్ని. అడగలేదు, చెప్పలేదు, కూలీ ఎక్కువ తీసుకోలేదు. మీ ఇంటి ఆడవాళ్ళతో నాకున్న చుట్టరికం అది. ఒక్క డప్పుతో తెంపారు.

మిగతావి త్వరగా రాస్తాను. పిండి గిర్నీలో మా జొన్నలు ఆపేశారు. కార్తీక పున్నమికి కాళేశ్వరం పోతుంటే మా కులం ఆటోలో మాకు చోటు లేదన్నారు. మా మరిది మూడో నెలలోనే భయపడి తప్పు కట్టి మీలో కలిశాడు, అప్పటి నుంచి గోడ అవతలి నుంచి అన్న మొహం చూడడు. అతన్ని నేను తప్పు పట్టను, అతనికి ఇద్దరు ఆడపిల్లలు. నా బిడ్డ బడి నుంచి వచ్చి "అమ్మా, నాతో ఆడితే వాళ్ళ నాయినకు దండుగ పడుతదట" అని చెప్పిన రోజు మాత్రం నేను నిద్రపోలేదు. దానికి అప్పుడు 12 ఏళ్ళు.

మేము వెళ్ళిన ఠాణాలో "ఇది మీ కులం లోపలి గొడవ, మీలో మీరు కూర్చుని మాట్లాడుకోండి" అన్నారు. కాగితం తీసుకున్నారు కానీ కేసు కట్టలేదు. తర్వాత చంద్రాపూర్‌లో ఒక వకీలు సాబ్ చెబితే తెలిసింది, అది లోపలి గొడవ కాదని. మీరు కూడా తెలుసుకోవాలి, ఎందుకంటే మీలో కొందరు నిజంగానే తెలియక చేస్తున్నారని నా నమ్మకం. మనిషిని గానీ కుటుంబాన్ని గానీ వెలివేయడం మహారాష్ట్రలో నేరం. ఆ చట్టం 2016లో శాసనసభలో పాసైంది, రాష్ట్రపతి ఆమోదం వచ్చాక 2017 జూలై నుంచి అమలులో ఉంది. మూఢనమ్మకాల మీద పనిచేసే అంధశ్రద్ధా నిర్మూలన సమితి వాళ్ళు జాత్ పంచాయత్‌ల మీద, అంటే కుల పంచాయితీల మీద, ఊరూరా తిరిగి పోరాడిన తర్వాత వచ్చిన చట్టం అది. వెలివేసినవాళ్ళకు మూడేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జుర్మానా, లేదా రెండూ. ప్రోత్సహించినవాళ్ళకూ అదే శిక్ష. పోలీసులు నేరుగా కేసు పెట్టొచ్చు. చార్జిషీటు వేసిన ఆరు నెలల్లో విచారణ ముగించాలి. పెళ్ళిళ్ళకు, చావులకు రానివ్వకపోవడం, మాటా బేరం బంద్ చేయించడం, తప్పు కట్టమనడం, అన్నీ అందులో ఉన్నాయి. ఈ సంగతి ముందే రాసి పెట్టినట్టు 1947లోనే అంబేద్కర్ గారు రాజ్యాంగ సభ కోసం తయారుచేసిన పత్రంలో బహిష్కారాన్ని నేరం చేయాలని అడిగారు. రాజ్యాంగంలో ఆ మాట అలాగే రాలేదు. మన రాష్ట్రంలో రావడానికి దాదాపు 70 ఏళ్ళు పట్టింది.

మరి కేసు ఎందుకు పెట్టలేదని అడుగుతారు. మా ఆయన ఒప్పుకోలేదు. "గోడ నిలబెట్టిన కాకాను జైలుకు ఎట్ల పంపాలె" అన్నాడు. నేను ఆ మాటతో పూర్తిగా ఏకీభవించలేదు, ఇప్పటికీ ఏకీభవించను. కానీ ఆయన మాట కాదని ఒక్కదాన్ని ముందుకు పోలేకపోయాను. కేసు పెట్టము, స్నానం చేయము, తప్పు కట్టము అన్నప్పుడు మిగిలిన దారి ఒకటే. వెళ్ళిపోవడం.

2024 జూన్‌లో వరంగల్ దాకా బస్సులో వచ్చి కేరళ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. తిరుప్పూర్‌లో దిగాం. దేశంలో ఇంత దూరం ఎందుకు, హైదరాబాద్ పోవచ్చు కదా అన్నారు చాలామంది. హైదరాబాద్‌లో మన కులం వాళ్ళున్నారు, మన సంఘం ఉంది. డప్పు అక్కడికి చేరడానికి ఒక ఫోన్ చాలు. మా ఇంటిపేరు వినగానే "మీరు ఫలానా వాళ్ళు కదా" అని ఎవరూ అడగని చోటు కావాలనుకున్నాం. నాకు మిషన్ పని వచ్చు, బనియన్ల కంపెనీల్లో మిషన్ మీద కూర్చునేవాళ్ళు ఎప్పుడూ కావాలి. అందుకే ఈ ఊరు.

ఇక్కడ సుఖంగా ఉన్నామని చెప్పి మిమ్మల్ని ఉడికించడానికి రాయడం లేదు. ఒకే గది. దానికి అడ్వాన్స్ కట్టడానికి నా గాజులు పెట్టాను. తమిళం ఇంకా సగమే అర్థమవుతుంది. కంపెనీలో జాకెట్ మొత్తం కుట్టే పని లేదు. నేను రోజంతా టీ షర్టు భుజం ఒక్కటే కలుపుతాను, పక్కామె మెడ పట్టీ వేస్తుంది, ఆ పక్కామె చెయ్యి. అది ఎవరు తొడుక్కుంటారో తెలియదు. మా ఆయన సరుకు దించే పనిలో ఉన్నాడు, నడుము నొప్పి మొదలైంది. మరాఠీ మీడియంలో చదివిన బిడ్డను ఇక్కడ ఒక తరగతి కింద చేర్చుకున్నారు. ఇంట్లో తెలుగు, నోట్లో మరాఠీ పద్యాలు, బోర్డు మీద తమిళం, ఇంగ్లీషు. మొదటి మూడు నెలలు రోజూ ఏడ్చింది.

కానీ దసరా సెలవుల్లో మా ఆడబిడ్డ భర్తతో, పిల్లతో ఇక్కడికి వచ్చింది. ఎనిమిది రోజులు ఉన్నారు. ఆ గదిలో అందరం, కాళ్ళు చాపుకోవడానికి చోటు లేదు. తలుపు తీసి పెట్టుకుని అన్నాచెల్లెళ్ళు గట్టిగా నవ్వుకున్నారు. పక్కింటి తమిళామె వచ్చి ఎవరని అడిగితే మా ఆయన "నా చెల్లెలు, మా బావ" అన్నాడు. ఆమె "అప్పడియా" (అలాగా) అని ఒక గిన్నె సాంబారు ఇచ్చి వెళ్ళింది. అంతే. ఎవరి కులం ఏమిటని అడగలేదు. అడిగేవాళ్ళు ఇక్కడ లేరని అనను, ఉంటారు, ఈ నేల మీద కూడా కులం గొడవలున్నాయి, పేపర్లో చూస్తూనే ఉన్నాం. కానీ మా తలుపు మీద వాళ్ళకు అధికారం లేదు. మేము ఇంత దూరం వచ్చింది ఆ ఎనిమిది రోజుల కోసం.

"పారిపోయిండ్రు" అనే మాట మీద నాకు చెప్పుకోవలసింది ఉంది.

2004లో నాకు పెళ్ళైంది. అప్పటికి గోదావరి మీద మనకు వంతెన లేదు. కాళేశ్వరం రేవులో పడవ ఎక్కి ఇవతలికి వచ్చాను. ఒళ్ళో ఒడిబియ్యం, పక్కన ట్రంకు పెట్టె. ఆ ఇంట్లో ఎంతమంది ఉంటారో కూడా నాకు సరిగా తెలియదు. రాష్ట్రం మారింది, బడి భాష మారింది, రేషన్ కార్డు మారింది. 19 ఏళ్ళ పిల్ల ఒక్కర్తే నది దాటి పోతుంటే ఎవరూ పారిపోతోందనలేదు. అక్షింతలు వేసి పంపారు. మన దేశంలో పుట్టిన చోటు వదిలి వేరే చోట ఉంటున్నవాళ్ళలో అందరికంటే ఎక్కువమంది పెళ్ళై వెళ్ళిన ఆడవాళ్ళేనని జనాభా లెక్కల్లో ఉంటుంది. వేరేవాళ్ళు నిర్ణయిస్తే ఆడది ఎంత దూరమైనా పోవచ్చు, అది ధర్మం. అదే మనిషి 20 ఏళ్ళ తర్వాత తన కాళ్ళ మీద తాను నిలబడి, భర్తను, బిడ్డను వెంటబెట్టుకుని, తన కష్టంతో టికెట్ కొనుక్కుని పోతే పారిపోవడం ఎట్లా అవుతుంది? నా జీవితంలో నేను పోవాలనుకుని పోయిన ఊరు ఇదొక్కటే.

వకీలు సాబ్ రాజ్యాంగం పుస్తకం తెరిచి 19వ అధికరణం చూపించారు. దేశమంతా తిరగడానికి, ఎక్కడైనా నివసించడానికి, స్థిరపడటానికి పౌరులందరికీ హక్కు ఉందని. దాని వెనకే 21, మనిషి ప్రాణానికి, వ్యక్తిగత స్వేచ్ఛకు సంబంధించింది. మేజర్లయిన ఇద్దరు ఇష్టపడి పెళ్ళి చేసుకుంటే అందులో ఖాప్ పంచాయతీలు (ఉత్తరాది కుల పంచాయితీలు) గానీ ఇంకే గుంపు గానీ తల దూర్చడం చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టు 2018 మార్చిలో తీర్పు ఇచ్చిందని కూడా చెప్పారు. అవన్నీ విన్నాక నేను ఒక్కటే అడిగాను: "సార్, ఎక్కడికైనా పోయే హక్కు ఉంది సరే, ఉన్నచోటే ఉండే హక్కు లేదా?" ఆయన నవ్వి "అది కూడా ఇదేనమ్మా" అన్నారు.

నేను ఈ ఉత్తరం రాస్తున్నది ఆ ఉన్నచోటే ఉన్న మనిషి కోసం.

మా అత్తమ్మ మాతో రాలేదు. ఎంత బతిమిలాడినా రాలేదు. "మీ మామ ఈడనే ఉన్నడు, బర్రె ఉన్నది, నాకు ఆ రైలు వద్దు" అంది. మా మామను దహనం చేసిన చోటు ఆమెకు పెరట్లో నుంచి కనబడుతుంది. మాకు స్వేచ్ఛ అంటే పోవడం అయింది. మా ఆడబిడ్డకు నచ్చినవాణ్ణి చేసుకోవడం అయింది. ఆమెకు తన అరుగు మీద తాను కూర్చోవడం. ఆ ముసలామె అడిగింది అంతకన్నా ఏమీ లేదు.

68 ఏళ్ళ మనిషి. మోకాళ్ళు వంగవు. బోరింగ్ దగ్గర బిందె పెడితే కొట్టి ఇచ్చేవాళ్ళు లేరు. మొన్న జ్వరం వచ్చి రెండు రోజులు లేవకపోతే ఒకామె రాత్రి పూట గంజి తెచ్చి కిటికీలో పెట్టి పోయింది. ఎవరో చూసి మీకు చెప్పారు. మీరు ఆ గంజి పోసినామెను పిలిపించి ఐదు వేలు దండుగ వేశారు. ఈ సంగతి నాకు అత్తమ్మ చెప్పలేదు. ఆమె ఫోన్‌లో ఎప్పుడూ "నేను మంచిగనే ఉన్న" అంటుంది. వేరే దారిలో తెలిసింది. ఆ రోజు నుంచి నాకు మిషన్ మీద చెయ్యి నిలవడం లేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

పదో తరగతిలో మా తెలుగు సార్ కందుకూరి వీరేశలింగం గారి గురించి చెప్పేవారు. 1881 డిసెంబరులో రాజమండ్రిలో ఆయన మొదటి వితంతు వివాహం చేయించినప్పుడు పెద్దలంతా ఆయన్ని వెలివేశారు. వంటవాళ్ళు మానేశారు, నీళ్ళు తెచ్చేవాళ్ళు మానేశారు. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారు తానే గోదావరికి వెళ్ళి బిందెలతో నీళ్ళు మోసుకొచ్చి వచ్చినవాళ్ళందరికీ వండి పెట్టారు. మన ఒడ్డు తాకి పోయే నీళ్ళే అవి. మన మహారాష్ట్రలో సంఘసంస్కర్త కర్వే గారు 1893లో వితంతువును పెళ్ళాడితే ఆయన సొంత ఊరు మురుడ్ ఆయన్ని దూరం పెట్టింది. ఆ వెలి వేసినవాళ్ళ పేర్లు ఇప్పుడు నాకు తెలియవు, మా సార్‌కూ తెలియవు. వాళ్ళు కూడా మీలాగే ఊళ్ళో గౌరవం ఉన్న పెద్దమనుషులే అయి ఉంటారు. నాకు ఈ ఇద్దరి కథలో మనసులో నిలిచిపోయింది రాజ్యలక్ష్మమ్మ గారి బిందె. ఆమెకు వయసులో ఓపిక ఉంది. మా అత్తమ్మకు లేదు.

మమ్మల్ని మళ్ళీ కులంలో కలుపుకోమని నేను అడగడం లేదు. మా పేరు మీద ఉన్న 51 వేల బాకీ మీ పుస్తకంలో ఉంటే ఉండనివ్వండి, మేము కట్టము. నేను అడిగేది ఇది. మా అత్తమ్మతో మాట్లాడినా, ఆమెకు నీళ్ళు పోసినా, ఆమె బర్రెను తోలుకుపోయినా ఎవరికీ దండుగ లేదని చెప్పండి. అది మీలో మీరు అనుకుంటే చాలదు. అప్పుడు ఏ డప్పుతో చాటించారో ఆ డప్పుతోనే, ఆ వాడకట్టు మొదటి నుంచి చివరి దాకా చాటించండి. గంజి పోసినామె దగ్గర తీసుకున్న ఐదు వేలు తిరిగి ఇచ్చేయండి. ఆమె చేత అప్పు చేయించి తీసుకున్న డబ్బు అది.

తాలూకా అధికారులు, పోలీసులు ఎవరైనా ఇది చదివితే వాళ్ళకూ ఒక విన్నపం. 2016 చట్టంలో ఏముందో నాలుగు వాక్యాలు తెలుగులో, గోండిలో రాయించి గ్రామ పంచాయతీ గోడ మీద, పోలీస్ పాటిల్ ఇంటి ముందు పెట్టించండి. ఊళ్ళో తగాదాలు తీర్చే తంటాముక్తి సమితి సభలో చదివి వినిపించండి. మాకు అది తెలిసి ఉంటే మొదటి రోజే ఠాణాలో ఆ పేరు చెప్పి అడిగేవాళ్ళం. వెళ్ళినవాళ్ళను "మీలో మీరు మాట్లాడుకోండి" అని పంపకండి. మాట్లాడితే దండుగ పడే చోట ఎవరితో మాట్లాడుకుంటారు?

కాకా, మీకు వేరుగా ఒక మాట. మీరు నిలబెట్టిన గోడ అలాగే ఉంది. అత్తమ్మ దానికే ఆనుకుని కూర్చుంటుందట సాయంత్రాలు. మీరు అటు వైపు పోతున్నప్పుడు ఒకసారి ఆగి "ఏం వదినె, తిన్నవా" అని అడిగితే చాలు, మిగతా వాడకట్టు మీ వెనకే అడుగుతుంది. మిమ్మల్ని దండుగ కట్టమనే ధైర్యం ఎవరికీ లేదు.

చివరగా ఆ 11 జాకెట్లు. ఊరు వదిలేటప్పుడు వాటిని ట్రంకు పెట్టెలో పెట్టుకుని ఇక్కడిదాకా తెచ్చాను. పారేయలేకపోయాను. ఈ నెల మా ఆడబిడ్డ చేతికి ఇచ్చి పంపుతున్నాను. అత్తమ్మ దగ్గర ఉంటాయి. ఒక్కొక్క దానికి దాని ఆది జాకెట్ పిన్నీసుతో అలాగే ఉంది, పేర్లు రాయక్కర్లేదు, ఎవరిది వాళ్ళు గుర్తు పడతారు. ఇన్ని నెలల్లో ఒళ్ళు మారి ఉంటే పక్కన కుట్టు విప్పుకోవచ్చు, లోపల రెండు వేళ్ళ గుడ్డ వదిలాను. కుట్టుకూలీ వద్దు. మీ ఇంటి ఆడవాళ్ళను వచ్చి తీసుకోనివ్వండి, పెరటి వైపు నుంచి కాదు, ముందు నుంచి.

ఇట్లు,
మీ వాడకట్టు కోడలు,
తిరుప్పూర్ నుంచి